సూర్యుడి వరదలో వచ్చే హీలియం ఎక్కడిది?

చిన్నప్పుడు ఆగస్టు వచ్చిందంటే మా ఇంట్లో తాగే నీళ్లు ఎర్రగా ఉండేవి. గోదావరి పాయ గౌతమిలోకి ఎర్రనీరు దిగాక బిందెతో తెచ్చిన నీళ్లను అలాగే తాగలేం కదా. మా మామ్మ చిల్లగింజను తడిపి, మట్టికుండ లోపలి గోడకి గంధం తీసినట్టు నాలుగు చుట్లు అరగదీసి, నీళ్లు పోసి మూత పెట్టేది. తెల్లారేసరికి పైన తేట, అడుగున మెత్తటి ఒండ్రు. ఆ ఒండ్రుని వేలితో తీసి "ఇది ఏ ఊరి మట్టి మామ్మా?" అని అడిగేవాణ్ణి. "పైనుంచి వచ్చిందిరా" అనేది. పైన అంటే ఎక్కడ? త్రయంబకం కొండల్లో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చే నది అది. దారిలో ప్రాణహిత కలుస్తుంది, ఇంద్రావతి కలుస్తుంది, శబరి కలుస్తుంది. కుండ అడుగున చిటికెడు మట్టి. అందులో ఏ రేణువు ఎక్కడిది?

సూర్యుణ్ణి చదివేవాళ్లు 50 ఏళ్లకు పైగా ఇలాంటి ప్రశ్ననే పట్టుకుని కూర్చున్నారు. సూర్యుడి మీద విస్ఫోటనం జరిగినప్పుడు మంచి వేగంతో దూసుకొచ్చే అయాన్ల గుంపు, అంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువుల గుంపు, ఒకటి కొన్ని గంటల్లోనే భూమి పరిసరాలకు చేరుతుంది. అందులో ఎక్కువ భాగం ప్రోటాన్లే అయినా, వాటి వెనకే లెక్కలో రెండో స్థానం హీలియం అయాన్లది. ఆ హీలియం ఎక్కడిది? "సూర్యుడిది, ఇంకెక్కడిది" అనేస్తే అది మామ్మ చెప్పిన జవాబు లాంటిదే. తప్పు కాదు, కానీ చాలదు. పైగా కొంత హీలియం విషయంలో అది నిజంగానే తప్పు.

ఈ విషయం మీద ఎన్ని వ్యాసాలు చదివినా నాకు చాలాకాలం గజిబిజిగానే ఉండేది. చివరికి అర్థమైంది ఏమిటంటే, ఇందులో రెండు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఆ అయాన్ ఎక్కడ పుట్టింది అనేది ఒకటి. దానికి ఆ వేగం ఎక్కడ వచ్చింది అనేది ఇంకొకటి. ఈ రెండు చోట్లూ ఒకటే కానక్కర్లేదు. వాటిని విడదీసి చూస్తే చిక్కు దానంతటదే వీడిపోతుంది.

ముందు హీలియం గురించి ఒక మాట. ఇది మన పక్క డెల్టాలో మొదలైన కథ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, మచిలీపట్నం మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియర్ జాన్సన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో వెలుగును రంగులుగా విడగొట్టే తమ వర్ణపటమాపకాలు పెట్టుకుని కూర్చున్నారు. సూర్యబింబం అంచు మీద మంటల్లా లేచిన ఎర్రటి ముద్దల వెలుగులో ఒక పసుపు గీత ఉంది. సోడియం గీతలకు అతి దగ్గరగా ఉండడంతో చూసినవాళ్లలో చాలామంది దాన్ని సోడియమే అనుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను పట్టుకుని, ఇది భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదన్నాడు. గ్రీకులో సూర్యుడి పేరు హీలియోస్. అలా హీలియం. భూమ్మీద అది దొరకడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది. యురేనియం ఖనిజంలోంచి విలియం రామ్సే దాన్ని బయటికి తీశాడు. మన కృష్ణా తీరంలో కనబడిన ఆ పసుపు గీత ఎవరిదో తేలడానికి 27 ఏళ్లు పట్టిందన్నమాట.

ఇక లెక్కలు. సూర్యుడి ఉపరితలం దగ్గర 100 హైడ్రోజన్ పరమాణువులకు ఎనిమిదో తొమ్మిదో హీలియం ఉంటాయి. సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే సౌర పవనంలో మాత్రం అది సగానికి పడిపోయి నాలుగు దగ్గర ఉంటుంది. సూర్యుడు ప్రశాంతంగా ఉన్న ఏళ్లలో నెమ్మదిగా వీచే గాలిలో ఇంకా తగ్గుతుంది. హీలియం బరువైనది. పైగా ఎలక్ట్రాన్‌ను వదలడానికి మూలకాలన్నింటిలోకీ ఎక్కువ మొండికేసేది అదే. అందుకే కింది నుంచి పైకి రావడంలో వెనకబడుతుంది. కానీ పెద్ద విస్ఫోటనంలో సూర్యుడి నుంచి కోట్ల టన్నుల వాయువు ముద్దగా ఎగిరివచ్చినప్పుడు, దాని లోపల హీలియం 8 శాతం దాటడం మామూలే. ఆ ముద్దను సీఎంఈ అంటారు, అంటే కరోనల్ మాస్ ఎజెక్షన్. లోతు నుంచి తవ్వుకుని వచ్చిందనడానికి అదొక గుర్తు. నదిలో వరద వచ్చినప్పుడు నీటి రంగు మారినట్టే.

అయితే ఇదంతా మామూలు వేగాల సంగతి. సౌర పవనం సెకనుకు 400 కిలోమీటర్ల చొప్పున వస్తుంది. భూమిని చేరడానికి నాలుగు రోజులు. మనం మాట్లాడుతున్న హీలియం వేరు. ఒక్కో న్యూక్లియాన్‌కి (ప్రోటాన్ గానీ న్యూట్రాన్ గానీ) పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న అయాన్ సెకనుకు 13,800 కిలోమీటర్లు పోతుంది. మూడు, నాలుగు గంటల్లో ఇక్కడుంటుంది. సౌర పవనంలో తోటి అయాన్లతో పోలిస్తే దాని శక్తి వెయ్యి రెట్లకు మించి. అంత శక్తి ఎవరిచ్చారు?

ఇచ్చేవాళ్లు ఇద్దరున్నారు. మొదటివాడి సంగతే నాకు అన్నింటికన్నా అబ్బురంగా అనిపిస్తుంది. అందుకని అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

హీలియంలో రెండు రకాలున్నాయి. మామూలు హీలియం-4లో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు. హీలియం-3లో ఒక న్యూట్రాన్ తక్కువ. సౌర పవనంలో రెండువేల పైచిలుకు హీలియం-4కి ఒక్క హీలియం-3 కనిపిస్తుంది. అంటే దాదాపు లేనట్టే. 1970లో చికాగో విశ్వవిద్యాలయంలో షియే, సింప్సన్ ఒక ఉపగ్రహం కొలతలు చూస్తూ, కొన్ని సౌర ఘటనల్లో ఈ హీలియం-3 విపరీతంగా పెరిగిపోవడం గమనించారు. తర్వాత దొరికిన ఘటనల్లో కొన్నింట్లో హీలియం-3, హీలియం-4ను మించిపోయింది కూడా. ఎక్కడ రెండువేలకు ఒకటి, ఎక్కడ ఒకటికి ఒకటి! అంత హీలియం-3 నిల్వ ఉన్న చోటు సూర్యుడి మీద ఎక్కడా లేదు. కాబట్టి ఇది పుట్టిన చోటు తేడా కాదు, వేగం పుంజుకున్న పద్ధతిలో తేడా. ఎవరో జనంలోంచి హీలియం-3ని మాత్రమే పేరు పెట్టి పిలిచి పరిగెత్తిస్తున్నారు.

ఎలా పిలుస్తారు? దీనికి అట్లతద్ది ఉయ్యాల కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మా పక్క తెల్లవారుజామునే ఆడపిల్లలు చద్దన్నం తిని తోటలో ఉయ్యాలలు ఊగేవారు. మామిడికొమ్మకి మూడు ఉయ్యాలలు కట్టారనుకోండి. ఒకటి 4 అడుగుల తాడు, ఒకటి 9 అడుగులు, ఒకటి 16 అడుగులు. మొదటిది ఒకసారి ఊగి రావడానికి 2.2 సెకన్లు, రెండోది 3.3 సెకన్లు, మూడోది 4.4 సెకన్లు పడుతుంది. తాడు పొడుగైన కొద్దీ ఊపు నిదానం. ఇప్పుడు ఒకావిడ మూడింటినీ ఒకే లెక్కన, 3.3 సెకన్లకోసారి తోస్తోంది. ఏమవుతుంది? చిన్న ఉయ్యాలకి ఆమె చెయ్యి ఒకసారి కలిసొస్తే మరోసారి ఎదురు తగులుతుంది. పెద్ద ఉయ్యాలదీ అదే పాటు. మధ్యదానికి మాత్రం ప్రతి తోపూ కలిసొస్తుంది. చూస్తుండగానే దానిమీది పిల్ల కాళ్లు కొమ్మల్లోని ఆకుల్ని తాకుతాయి.

ఆ కొలతలు ఊరికే చెప్పలేదు. అయస్కాంత క్షేత్రంలో ప్రతి అయానూ గుండ్రంగా తిరుగుతుంది. ఎంత జోరుగా తిరుగుతుందన్నది దాని విద్యుదావేశానికీ బరువుకీ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. ప్రోటాన్ ఒక చుట్టు తిరిగే కాలం 2.2 అనుకుంటే, ఎలక్ట్రాన్లు రెండూ పోయిన హీలియం-3కి 3.3, హీలియం-4కి 4.4. సరిగ్గా మన ఉయ్యాలలే. తోసే చెయ్యి అక్కడి వాయువులో లేచే తరంగాలది. సూర్యుడి చుట్టూ ఆవరించిన వేడి వాయువు పొర కరోనాలో నిండా ఉన్నవి ప్రోటాన్లు, హీలియం-4. వాటి లయకు దగ్గరగా ఉన్న తరంగాల శక్తి కోట్లాది అయాన్ల మధ్య పంచుకుపోతుంది, ఒక్కోదానికి దక్కేది లేశమాత్రం. ఆ రెండింటి నడుమ ఉన్న లయకు మాత్రం వాటాదారులు అతి తక్కువ. అక్కడ ఒంటరిగా ఉన్నది హీలియం-3. పిడికెడంత మందికి ఊరంత భోజనం దొరికినట్టు, ఒక్కోదానికి దండిగా శక్తి అందుతుంది. లయ కలవడమే కీలకమన్న ఈ ఆలోచనకు 1978లో ఫిస్క్ సిద్ధాంత రూపం ఇచ్చాడు. సూర్యుడి మీద ఒక్కసారిగా భగ్గుమనే జ్వాల నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్ల కట్టే ఈ తరంగాలను లేపుతుందని 1992లో టెమెరిన్, రాత్ చూపించారు. హీలియం-3 నిండిన ఘటనలు వచ్చినప్పుడల్లా ఎలక్ట్రాన్ల గుంపు, దాని రేడియో చప్పుడు కూడా వెంట ఉండడం దీనికి బలమైన సాక్ష్యం.

ఇవి పెద్ద విస్ఫోటనాలు కావు. సూర్యుడి మీద అయస్కాంత రేఖలు ఆకాశంలోకి తెరుచుకున్న చోట, అంచుల్లో లేచే చిన్న చిన్న చిమ్ముడులు. కొన్ని గంటల్లో ముగిసిపోతాయి. వీటిలో వచ్చే ఇనుము అయాన్లు దాదాపు 20 ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఉంటాయి. మామూలు కరోనా వేడిలో పోయేవి 10 నుంచి 14. సూర్యుడికి బాగా దగ్గరగా, చిక్కటి వాయువులోంచి రాసుకుంటూ వచ్చాయి కనుకే అంతగా ఒలిచిపోయాయి.

రెండో దాత సీఎంఈ ముందు నడిచే షాక్ తరంగం. కోటిపల్లి రేవులో పంటు మీద నిలబడి చూస్తే, దాని ముక్కు ముందు నీళ్లు కట్టలా లేచి, గుర్రపుడెక్కను తోసుకుపోవడం కనిపిస్తుంది. సెకనుకు వెయ్యి, రెండువేల కిలోమీటర్ల వేగంతో వెళ్లే సీఎంఈ ముందు అలాంటి కట్టే లేస్తుంది. అయితే అయాన్‌కి వేగం రావడం ఒక్క తోపుతో అయ్యే పని కాదు. ఎదురుగా వస్తున్న లారీకి తగిలిన రబ్బరు బంతి వచ్చినదానికన్నా జోరుగా వెనక్కి పోతుంది కదా. షాక్‌కి ముందూ వెనకా ఉన్న అయస్కాంత అలలు అయాన్‌ను అలా అటూ ఇటూ కొడుతూనే ఉంటాయి. దాటిన ప్రతిసారీ కొంచెం లాభం. వందల, వేల సార్లు దాటితే ఆ లాభం పోగవుతుంది. ఈ పద్ధతి హీలియం-3ని ప్రత్యేకంగా ఎంచుకోదు, దారిలో దొరికినదాన్నల్లా పట్టుకుంటుంది. రోజుల తరబడి నడుస్తుంది. వ్యోమనౌకలకు నిజంగా హాని చేసే పెద్ద ఘటనలు ఇవే.

ఇంతవరకూ అయితే కథ తేలిగ్గా రెండు అరల్లో సర్దుకుంది. చిన్న జ్వాలల నుంచి హీలియం-3, పెద్ద షాక్‌ల నుంచి హీలియం-4. 1990ల దాకా చాలామంది అలాగే సర్దిపెట్టారు. 1997 ఆగస్టులో ఏస్ అనే వ్యోమనౌక వెళ్లాక ఆ అరలు కలగాపులగమయ్యాయి. పెద్ద షాక్ ఘటనల్లోనూ హీలియం-3 ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా ఉందని 1999లో గ్లెన్ మేసన్, ఆయన సహచరులు చెప్పారు. షాక్‌కి హీలియం-3ని ఎంచుకోవడం రాదు. మరి అది ఎలా వచ్చింది?

దీనికి జవాబు నాకు ఒక లంకలో అర్థమైంది. ముక్తేశ్వరం వైపు గౌతమి ఒడ్డున లంకభూమి కోతకు గురైన చోట, తెగిన గట్టు నిలువునా కనిపిస్తుంది. ఒక పొర నల్లటి ఒండ్రు, దానిమీద జానెడు ఇసక, మళ్లీ ఒండ్రు. సగం వేళ్లు గాల్లో వేలాడుతున్న కొబ్బరిచెట్టు ఒకటి నీళ్లలోకి వంగి ఉంది. ఆ చేను రైతు చేత్తో ఒక ఇసక పొర మీద తట్టి "ఇది ఎనభై ఆరు వరదదండీ" అన్నాడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు మేట వేసిన ఇసక. మాట్లాడుతుండగానే బుట్టెడు పెళ్ల ఊడి నీళ్లలో పడింది, కాసేపు ఎర్రగా సుడి తిరిగి ప్రవాహంలో కలిసిపోయింది. ఆ మట్టిని దిగువన యానాం దగ్గర పట్టుకున్నవాళ్లు ఈ ఏటి వరద పైనుంచి తెచ్చిందనే అనుకుంటారు. పైనుంచి తెచ్చింది 86 వరద. ఈ ఏటి వరద మళ్లీ కదిలించిందంతే.

షాక్‌కి దొరికే హీలియం-3 కూడా అంతే. ముందు రోజుల్లో, ముందు వారాల్లో చిన్న జ్వాలలు వెదజల్లిన అయాన్లు సూర్యుడికీ భూమికీ మధ్య ఇంకా తిరుగుతూనే ఉంటాయి. వాటికి అప్పటికే కొంత వేగం ఉంది. కదులుతున్న బస్సు ఎక్కాలంటే నిలబడ్డవాడికన్నా పరిగెడుతున్నవాడికి తేలిక. షాక్ వచ్చినప్పుడు సౌర పవనంలో తీరిగ్గా నడిచే అయాన్ల కన్నా ముందు ఇవి ఎక్కేస్తాయి. పుట్టింది ఒక జ్వాలలో, పరుగు అందుకున్నది ఇంకో విస్ఫోటనంలో. రెండు ప్రశ్నల్నీ విడదీయాలని మొదట్లో అన్నది ఇందుకే.

ఇక సూర్యుడిది కాని హీలియం సంగతి. కరోనా పది, ఇరవై లక్షల డిగ్రీల వేడిలో ఉంటుంది. అక్కడ హీలియం తన రెండు ఎలక్ట్రాన్లనూ పోగొట్టుకోకుండా ఉండలేదు. కానీ 1978లో ప్రయోగించిన ఐఎస్‌ఈఈ-3 నౌక కొలతల్లో, సౌర ఘటనల నుంచి వచ్చిన వేగవంతమైన హీలియంలో కొంత ఒక ఎలక్ట్రాన్‌ను ఇంకా అంటిపెట్టుకునే ఉందని తేలింది. కొలిమిలోంచి వచ్చిన బట్టకి తడి ఆరకపోతే అనుమానం రాదా? అది కొలిమిలోంచి రాలేదన్నమాట.

అలాంటిదానికి రెండు పుట్టిళ్లు. ఒకటి సూర్యుడి మీద కరోనాలో వేలాడే చల్లటి ముద్దలు. చల్లవి అంటే పదివేల డిగ్రీలు అనుకోండి. 1868లో గుంటూరులో కనిపించిన ఎర్రటి మంటలు అవే. విస్ఫోటనంలో ఆ ముద్ద ఎగిరినప్పుడు దాని హీలియం పూర్తిగా వేడెక్కకుండానే బయటపడుతుంది. 1998 మే మొదట్లో వచ్చిన సీఎంఈలో ఏస్ ఇలాంటి హీలియంను గంటల తరబడి చూసింది. ఇది అరుదు. రెండోది అరుదు కాదు, ఎప్పుడూ ఉండేదే. మనకు పులస తెలుసు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. ఎర్రనీరు వచ్చాక గోదావరిలోకి ఎదురీదితే పులస అవుతుంది. నక్షత్రాల మధ్య తేలే హీలియం పరమాణువులు కూడా సెకనుకు 25 కిలోమీటర్ల చొప్పున మన సౌరమండలంలోకి ఎదురీదుతూ వస్తాయి. ఆవేశం లేనివి కనుక అయస్కాంత క్షేత్రం వాటిని ఆపలేదు. సూర్యుడికి దగ్గరయ్యాక అతినీలలోహిత కాంతి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. ఆ క్షణం నుంచి దాని పేరు, నడత రెండూ మారిపోతాయి. సౌర పవనం మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రానికి చిక్కి, దాంతోపాటే బయటికి కొట్టుకుపోతుంది. ఆ పోవడంలో దాని వేగం సౌర పవనం కన్నా రెండింతల దాకా ఉంటుంది. అంటే ఇదీ పరిగెడుతున్న ప్రయాణికుడే. షాక్ రాగానే బస్సెక్కేస్తుంది. 1984లో ఆంప్టీ ఉపగ్రహంతో వీటిని మొదటిసారి నేరుగా పట్టుకున్నారు. సూర్యుడి గురుత్వాకర్షణ ఈ హీలియం ప్రవాహాన్ని తన వెనకవైపు ఒక పాయలా కూడగడుతుంది. ఏటా డిసెంబరు మొదటి రోజుల్లో భూమి ఆ పాయను దాటుతుంది. మన దగ్గర సార్వా కోతలు, నూర్పిళ్లు అయ్యే రోజులు.

బయటికి రాకుండా సూర్యుడి మీదే కూలిపోయే వేగవంతమైన హీలియం కూడా ఉంది. అది అక్కడి హీలియంను ఢీకొన్నప్పుడు లిథియం, బెరీలియం పుట్టి గామా కిరణాలు వెలువడతాయి. వాటిని బట్టి దాని లెక్క తేలుస్తారు.

ఇవన్నీ మన దాకా వస్తాయా అంటే, ధవళేశ్వరం నీళ్లు కాలువ తవ్విన వైపే పోయినట్టు అయాన్లు కూడా అయస్కాంత రేఖల వెంటే వస్తాయి. సూర్యుడు తిరుగుతుండడం వల్ల ఆ రేఖలు వంపు తిరిగి ఉంటాయి. భూమికి వచ్చే కాలువ సూర్యబింబం మధ్యలోంచి కాదు, పడమటి సగంలో 50, 60 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. అక్కడ లేచిన చిన్న జ్వాల కూడా మనకు తగలొచ్చు. తూర్పు అంచున లేచిన పెద్దది పక్కనుంచి పోవచ్చు. నేల మీద ఉన్న మనకు టెన్షన్ అక్కర్లేదు. వాతావరణం మందంగా కాపాడుతుంది, భూమధ్యరేఖకు దగ్గర కావడంతో భూమి అయస్కాంత క్షేత్రం కూడా మనకు గట్టి గొడుగే. ఉపగ్రహాలకు ఆ భాగ్యం లేదు. ఒకే వేగంతో వచ్చే ప్రోటాన్ కన్నా హీలియం అయాన్ తాను దూరిన పదార్థంలో నాలుగింతల శక్తిని దింపుతుంది. అంతర్వేది దగ్గర వేటకు పోయే బోటులోని జీపీఎస్ ఆ ఉపగ్రహాల మీదే ఆధారపడింది. తుపాను కదలికను చూపించే చిత్రాలూ అక్కడినుంచే వస్తాయి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్లకి ఆ చిత్రాల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో నౌక ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6 నుంచి భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కాపలా ఉంది. ఐఎస్‌ఈఈ-3 మొదటగా వెళ్లిన చోటూ అదే. అందులో అహ్మదాబాదులోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ కట్టిన ఆస్పెక్స్ అనే పరికరంలో ఒక భాగం సౌర పవనంలోని ప్రోటాన్లను, హీలియంను విడివిడిగా లెక్కపెడుతుంది. ఇంకో భాగం వేగవంతమైన అయాన్లను వేర్వేరు దిక్కుల్నుంచి చూస్తుంది. నాసా వారి పార్కర్ నౌక అయితే 2024 డిసెంబరు 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దాకా వెళ్లింది. భూమిని చేరేలోగా చెదిరిపోయే చిన్న ఘటనలు కూడా అంత దగ్గర్లో పోగుపడినట్టుగానే దొరుకుతాయి.

రేపెప్పుడో ఒక ఘటన వస్తుంది. ముందు వేగవంతమైనవి, తర్వాత నిదానమైనవి వరసగా దిగుతాయి. ఆ వరసను బట్టి అవి సూర్యుడి దగ్గర ఎన్నింటికి బయల్దేరాయో లెక్క కడతారు. హీలియం-3 ఎక్కువగా ఉండి, గంటల్లో తగ్గిపోతే చిన్న జ్వాల. హీలియం-4 రోజుల తరబడి కురుస్తూ ఉంటే షాక్. దాంతోపాటే కాస్త హీలియం-3 కనిపిస్తే, కిందటి వారం ఏ జ్వాలలు లేచాయో పాత చిత్రాలు తిరగేస్తారు. ఎలక్ట్రాన్ ఒకటి మిగిలి ఉన్న హీలియం దొరికితే, ఆ సీఎంఈలో చల్లటి ముద్ద ఎగిరిందేమో చూస్తారు. అదీ లేకపోతే ఆ అయాన్ సూర్యుడి దగ్గర పుట్టింది కాదు, నక్షత్రాల మధ్య నుంచి ఎదురీది వచ్చిన పులస.